ల్యాప్‌టాప్ మార్చే ముందు మూత తీసి చూడండి

బీటెక్ మూడో ఏడాదికి వచ్చేసరికి చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది. ‘నాన్నా, నా ల్యాప్‌టాప్ స్లో అయిపోయింది. ప్లేస్‌మెంట్స్ వస్తున్నాయి, కొత్తది కావాలి’. ఉన్నదాన్ని ఫస్టియర్‌లో యాభై, అరవై వేలు పోసి కొన్నారు. ఇప్పుడేమో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు, పక్కన ఒక కోడ్ ఎడిటర్ తెరిస్తే ఫ్యాన్ మిక్సీలా మోగుతోంది. ఒళ్లో పెట్టుకుంటే కాలుతోంది. కెమెరా ఆన్ చేసి రాసే ఆన్‌లైన్ టెస్టు మధ్యలో స్క్రీన్ నల్లబడిపోతే ఆ డ్రైవ్ పోయినట్టే.

ఇంట్లో మీరు ఇంజినీరింగ్ చదువుతున్నారు కాబట్టి, మీరు పాడైందంటే పాడైనట్టే. అమ్మ చిట్టీ ఎత్తుతుంది, లేదంటే నాన్న ఈఎంఐ పెడతారు. మిమ్మల్ని ఎదురు ప్రశ్న వేసేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. అందుకే ఆ ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి. ఆ ల్యాప్‌టాప్ నిజంగా పాతదైపోయిందా? లేక దాని ఊపిరి మూసుకుపోయిందా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కంప్యూటర్ మీద బతకాలనుకునే ప్రతి విద్యార్థీ డిగ్రీ చేతికి వచ్చేలోపు కనీసం ఒక్కసారైనా ఒక కంప్యూటర్ మూత తీసి, దుమ్ము దులిపి, కూలర్ విప్పి, పేస్టు మార్చి, మళ్లీ బిగించి ఆన్ చేసి ఉండాలి. డబ్బు మిగలడం ఒక్కటే దీనికి కారణం కాదు. మనం పుస్తకంలో చదివింది కళ్లముందు పనిచేయడం చూసే అవకాశం ఇంత చవగ్గా ఇంకెక్కడా దొరకదు.

లోపల ఏం జరుగుతోంది?

ప్రాసెసర్ వాడే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. వేలిగోరంత చిప్ మీద పుట్టిన ఆ వేడి మొదట పైనున్న రాగి లేదా అల్యూమినియం ముక్కలోకి, అక్కడి నుంచి సన్నని రేకుల్లోకి, ఆ రేకుల మధ్య నుంచి ఫ్యాన్ తోసే గాలిలోకి వెళ్లాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా వేడి వెనక్కి పేరుకుంటుంది.

మన ఇళ్లలో, హాస్టళ్లలో ఈ అడ్డం పడటానికి కారణాలు చాలా ఉన్నాయి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. దుప్పటి నూగు లోపలికి వెళ్లి రేకుల ముందు చిన్న చాపలా పరుచుకుంటుంది. ఒకే గదిలో వంట, చదువు అయితే పోపు ఆవిరిలోని నూనె ఆ దుమ్ముని జిగురుగా పట్టి ఉంచుతుంది. దాని మీద అగరొత్తి పొగ కూడా చేరుతుంది.

ఇంకో విషయం. ఫ్యాన్ గాలితో నడిచే కూలర్ ఏదీ చిప్‌ని గది కన్నా చల్లగా చేయలేదు. గది 10 డిగ్రీలు వేడెక్కితే లోపల కూడా దాదాపు అంతే పెరుగుతుంది. జనవరిలో బాగానే ఉన్న మెషీన్ మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో మొరాయిస్తే అందులో ఆశ్చర్యం లేదు.

వేడి హద్దు దాటబోతే ప్రాసెసర్ తనను తానే కాపాడుకుంటుంది. ఈ హద్దు మోడల్‌ని బట్టి సాధారణంగా 90 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అక్కడికి రాగానే అది వేగాన్ని, వోల్టేజీని తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. చిప్ ఖర్చు చేసే పవర్ వోల్టేజీ వర్గానికి, ఫ్రీక్వెన్సీకి అనుపాతంలో ఉంటుందని డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో చదివే ఉంటారు. ఆ సూత్రం పరీక్ష పేపర్ బయట పనిచేసేది ఇక్కడే. మీరు ‘స్లో అయింది’ అనుకుంటున్నది చాలాసార్లు ఈ జాగ్రత్తే. అప్పటికీ వేడి తగ్గకపోతే మెషీన్ టక్కున ఆగిపోతుంది.

ముందు కొలవండి, తర్వాత విప్పండి

ప్రతి నెమ్మదికీ దుమ్మే కారణం కాదు. ర్యామ్ చాలకపోయినా, పాత హార్డ్ డిస్క్ అయినా, ఆన్ చేయగానే పది ప్రోగ్రాములు లేస్తున్నా కంప్యూటర్ ఈడుస్తుంది. అందుకే స్క్రూడ్రైవర్ కన్నా ముందు థర్మామీటర్ కావాలి. అది మీ మెషీన్‌లోనే ఉంది. విండోస్‌లో కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాములు, లినక్స్‌లో సెన్సర్స్ కమాండ్ ఒక్కో కోర్ ఎంత వేడిగా ఉందో చూపిస్తాయి.

ఏ పనీ చేయనప్పుడు ఒకసారి, పది నిమిషాలు గట్టిగా పని పెట్టాక ఒకసారి ఉష్ణోగ్రత, క్లాక్ స్పీడ్ నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కనే గది ఉష్ణోగ్రత కూడా. ల్యాప్‌టాప్ బరువైన పనిలో 80, 85 డిగ్రీలకు వెళ్లడం మామూలే. చిన్న పనికే 95 దాటి, క్లాక్ స్పీడ్ దాని బేస్ స్పీడ్ కన్నా కిందికి పడిపోతుంటే గాలి దారిలో తేడా ఉన్నట్టు. ఉష్ణోగ్రత 65 దగ్గరే ఉండి కూడా మెషీన్ నత్తలా నడుస్తుంటే మూత తీసి లాభం లేదు. టాస్క్ మేనేజర్ తెరిచి ర్యామ్, డిస్క్ చూడండి.

ఖర్చులేని పనులు ముందు చేయండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద నుంచి గట్టి బల్ల మీదకి మార్చండి. వెనుక భాగం కింద రెండు సీసా మూతలు పెట్టి కొంచెం ఎత్తండి. మళ్లీ కొలవండి. దీనితోనే సరిపోతే సంతోషం.

సిలబస్‌లో ఉంది, చేతికి రాలేదు

ఇక్కడ కాలేజీలను ఒక మాట అనాలి. జేఎన్‌టీయూ సిలబస్‌లలో ‘ఐటీ వర్క్‌షాప్’ అనే ల్యాబ్ ఏళ్లుగా ఉంది. ప్రతి విద్యార్థీ పీసీని పూర్తిగా విడదీసి, మళ్లీ పనిచేసే స్థితిలో బిగించాలని, దాన్ని ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ చూసి వైవా పెట్టాలని అందులో రాసి ఉంది. కొందరు కాదు, ప్రతి విద్యార్థీ. బాగా ఆలోచించి పెట్టిన పని అది.

నేను చదివిన కాలేజీలో ఆ ల్యాబ్ ఎలా జరిగిందంటే, ఒక వీడియో వేశారు, మదర్‌బోర్డు బొమ్మ గీయించారు, రికార్డులో సంతకం పెట్టారు. ల్యాబ్‌లోని కేబినెట్ల మీద ‘ముట్టుకోరాదు’ అన్న కాగితం అంటించి ఉండేది. 60 మంది బ్యాచ్‌లో స్క్రూడ్రైవర్ పట్టింది ఒక్కరూ లేరు. మీ కాలేజీలో అలా కాకపోతే మీరు అదృష్టవంతులు. ఇదే రాష్ట్రంలో ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ ట్రేడ్ చదివే కుర్రాడు ఈ పనిని రోజువారీ ప్రాక్టికల్‌గా చేస్తాడు. నాలుగేళ్లు ఫీజు కట్టిన మనం మాత్రం కూలర్ ఎటువైపు తిప్పితే ఊడుతుందో తెలియకుండా బయటికొస్తాం.

పాడైపోతే ఎవరు బాధ్యులన్నది కాలేజీల భయం. ఆ భయం తప్పు కాదు. కానీ ప్రతి కాలేజీ స్టోర్‌రూమ్‌లో పక్కన పడేసిన పాత పీసీలు నాలుగైదు ఉంటాయి. అవి చాలు. పాడైనా నష్టం లేని మెషీన్ మీద నేర్చుకోవడం కన్నా మంచి ల్యాబ్ ఏముంది? మీ హెచ్‌ఓడీని అడగండి. సిలబస్ కాపీ చేతిలో పట్టుకుని, వినయంగా అడగండి.

డెస్క్‌టాప్‌తో మొదలుపెట్టండి

మొదటిసారే ల్యాప్‌టాప్ విప్పొద్దు. ఇంట్లోనో, కాలేజీలోనో పాత డెస్క్‌టాప్ ఉంటే దాంతో మొదలుపెట్టండి. కావాల్సినవి కొద్దే. స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తటి బ్రష్, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ, చిన్న ట్యూబ్ థర్మల్ పేస్టు. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ సీటీసీలో తిరిగితే అన్నీ దొరుకుతాయి. మిగతా ఊళ్లలో ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. అన్నీ కలిపినా వందల్లో పోతుంది, వేలల్లో కాదు.

షట్‌డౌన్ చేయండి. స్విచ్ ఆపండి. ప్లగ్ పీకండి. తర్వాత పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కాస్త కరెంటు పోతుంది. పక్క రేకు తీశాక, లోపల చెయ్యి పెట్టే ముందు రంగు లేని లోహపు భాగాన్ని ముట్టుకోండి. మన ఒంట్లో పేరుకునే స్టాటిక్ కరెంటు వేల వోల్టులకు చేరితేగానీ మనకు చురుక్కుమనదు. చిప్‌లకు అంతకన్నా చాలా తక్కువే చేటు. పాలిస్టర్ చొక్కాతో కార్పెట్ మీద కూర్చుని ఈ పని పెట్టుకోవద్దు.

కేబినెట్‌ని బాల్కనీలోకి తీసుకెళ్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని దుమ్ము దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి అది గిర్రున తిరిగితే చూడటానికి బాగానే ఉంటుంది గానీ, బేరింగ్ అరుగుతుంది. పైగా తిరిగే మోటారు జనరేటర్‌లా కరెంటు పుట్టించి బోర్డులోకి వెనక్కి పంపొచ్చు. పవర్ సప్లై డబ్బాని మాత్రం బయటి నుంచి ఊదడమే, విప్పకూడదు. ప్లగ్ తీశాక కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ ఉండొచ్చు.

ఇప్పుడు మూత పెట్టి, ఆన్ చేసి మళ్లీ కొలవండి. ఉష్ణోగ్రత దిగిందా? అయితే పని అయిపోయింది. కూలర్ జోలికి వెళ్లకండి. బాగున్నదాన్ని కదిలించకపోవడం కూడా ఇంజినీరింగే.

పేస్టు మార్చాల్సి వస్తే

దుమ్ము తీసినా వేడి తగ్గకపోతే చిప్‌కీ కూలర్‌కీ మధ్యనున్న పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. ఆ పేస్టు ఎందుకో తెలిస్తే ఎంత పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నున్నగా కనిపించే రెండు లోహపు ముఖాల మధ్య కంటికి కనపడని ఖాళీలుంటాయి. వాటిలో ఉండేది గాలి. గాలి ఉష్ణవాహకత సుమారు 0.026. రాగిది దాదాపు 400. మంచి పేస్టుది 5, 10 మధ్య ఉంటుంది. అంటే పేస్టు గాలి కన్నా వందల రెట్లు నయం, రాగి కన్నా మాత్రం చాలా వెనుక. కాబట్టి దాని పని ఖాళీలు నింపడం వరకే. ఫోరియర్ 1822లో అచ్చువేసిన ఉష్ణ సిద్ధాంతం ప్రకారం పొర మందం పెరిగేకొద్దీ వేడి ప్రవాహం తగ్గుతుంది. దోశ మీద వెన్నలా దట్టంగా పూస్తే మేలు బదులు కీడే. మధ్యలో బఠాణీ గింజంత బొట్టు చాలు. చిప్ పెద్దదైతే ఇంకొంచెం. కూలర్ బిగించినప్పుడు అదే పరుచుకుంటుంది.

ఎక్కువ ప్రమాదం జరిగేది కూలర్ తీసేటప్పుడు. ఏఎండీ ఏఎం4 లాంటి పాత రకాల్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్టు ఎండి అతుక్కుపోయి ఉంటే, కూలర్‌ని నిటారుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. అందుకే ముందు పది నిమిషాలు మెషీన్ నడిపి పేస్టుని మెత్తబడనివ్వండి. తర్వాత ఆపి, ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పట్టు వదిలించి ఎత్తండి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. ఏఎండీ కొత్త ఏఎం5లో కూడా అంతే. ఇవి ప్రాసెసర్ కింద దాగి ఉంటాయి కాబట్టి సాకెట్ లీవర్ ఎత్తకపోతే వాటికి ఏ హానీ లేదు. గుర్తుంచుకోండి, ప్రాసెసర్‌ని శుభ్రం చేయడమంటే దాన్ని సాకెట్‌లోంచి పీకడం కాదు. పైముఖం తుడవడమే.

పాత పేస్టుని ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రెండు ముఖాల మీదా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆల్కహాల్ వెంటనే అంటుకుంటుంది. దగ్గర్లో స్టవ్, దీపం, అగరొత్తి ఉండకూడదు. కొత్త బొట్టు పెట్టి కూలర్‌ని నిటారుగా దించండి. స్క్రూలని ఒక్కొక్కటీ చివరిదాకా బిగించొద్దు. కారు టైరు నట్లలా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఫ్యాన్ వైరుని బోర్డు మీద ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసి ఉన్న చోటే గుచ్చండి. కొత్త కూలర్ అయితే కింద అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో ఇంకోసారి చూసుకోండి.

ల్యాప్‌టాప్‌కి ఇంకాస్త ఓపిక

లెనోవో, డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీలు మోడళ్లవారీగా సర్వీస్ మాన్యువల్స్‌ని తమ సైట్లలో ఉచితంగా ఉంచుతున్నాయి. ముందు అది పూర్తిగా చదవండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చిన ఉద్దేశం కూడా ఈ సమాచారం మనకు ఒకచోట దొరకాలనే.

మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. స్క్రూలు ఒకే పొడవు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూని ఆ చోటే గుచ్చి పెట్టుకోండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే బోర్డుకి రంధ్రం పడుతుంది. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అంకెలు ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసే పాటించండి. మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఉన్నచోట పేస్టు పెట్టకండి, ప్యాడ్ మందం పేస్టుకి రాదు. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో పేస్టుకి బదులు ద్రవలోహం వాడతారు. అది కరెంటుని ప్రసరింపజేస్తుంది. బోర్డు మీద చుక్క పడితే షార్ట్ అవుతుంది. దానిలోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. మీది అలాంటి మోడల్ అయితే ఇంట్లో విప్పే ప్రయత్నం వద్దు.

ఇంకొన్ని వద్దులు. శానిటైజర్ వద్దు, అందులో నీరు, గ్లిజరిన్ లాంటివి ఉంటాయి. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అసిటోన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ఇంటి వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకి ఆనించొద్దు, స్టాటిక్ పుడుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ కూడా వద్దు. ఆ గాలిలో నీటి తుంపర, నూనె ఉంటాయి, ఒత్తిడి కూడా ఎక్కువ.

‘షాపులో ఇస్తే పోతుంది కదా?’

ఇవ్వండి, తప్పులేదు. వారంటీ ఉన్న ల్యాప్‌టాప్ అయితే అదే మంచిది. షరతులు చదవకుండా మూత తీయొద్దు, విప్పేటప్పుడు మీ చేతిలో విరిగినదానికి వారంటీ వర్తించదు. రేపు పరీక్ష ఉందనగా ఈ రోజు విప్పొద్దు. చెయ్యి వణుకుతుంటే, ఒక్కటే మెషీన్ మీద సెమిస్టర్ ప్రాజెక్టంతా ఉంటే, బ్యాకప్ లేకపోతే ఆగండి.

షాపుకి ఇచ్చినా అక్కడ పెట్టేసి వచ్చేయకండి. ‘అన్నా, పక్కన కూర్చుని చూడొచ్చా’ అని అడగండి. కాదనేవాళ్లు తక్కువే. ఏ స్క్రూ ఎందుకు ముందు తీస్తున్నాడో, రిబ్బన్ కేబుల్ లాక్ ఎలా ఎత్తుతున్నాడో ఆ అరగంటలో కనిపిస్తుంది. వేలసార్లు చేసిన చెయ్యి అది. వైవా పెట్టే చాలామందికి లేని అనుభవం అతనికి ఉంటుంది. డబ్బులతో పాటు ఆ గౌరవం కూడా ఇచ్చి రండి.

ఇది కెరీర్ పేజీలో ఎందుకంటే

‘నేను కోడింగ్‌లోకి వెళ్తాను, ఈ దుమ్ము పని నాకెందుకు’ అని మీలో కొందరు అనుకుంటారు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ రీజియన్ తెరిచింది. విశాఖలో ఏఐ డేటా సెంటర్ కేంద్రానికి ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అలాంటి చోట వేల ప్రాసెసర్లు ఒకే కప్పు కింద వేడెక్కుతాయి. అక్కడి పెద్ద సమస్యల్లో ఒకటి మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదే. చిప్ నుంచి వేడిని బయటికి ఎలా పంపాలి? మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకి అక్కడ పని ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకీ ఉంది, ఎందుకంటే వాళ్లు రాసే ప్రతి లూపూ చివరికి ఎక్కడో ఒకచోట వేడిగా మారుతుంది.

ఇంటర్వ్యూలో కూడా ఇది పనికొస్తుంది. ‘మీరు స్వయంగా పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అన్నప్పుడు చాలామంది డౌన్‌లోడ్ చేసిన ప్రాజెక్టు చెప్పి రెండో ప్రశ్నకే ఆగిపోతారు. మీరు మీ నోట్‌బుక్‌లోని అంకెలు చెప్పొచ్చు. ముందు ఇంత, దుమ్ము తీశాక ఇంత, పేస్టు మార్చాక ఇంత, ఆ రోజు గది ఉష్ణోగ్రత ఇంత. ఎలా కొలిచారు, ఏది కారణం కాదని ఎలా తేల్చారు అని అడిగితే ఎంతసేపైనా మాట్లాడగలరు, ఎందుకంటే చేసింది మీరే.

ఈ ఆదివారం పెద్ద పని ఏమీ వద్దు. ఉష్ణోగ్రత చూపే ప్రోగ్రాం వేసుకుని, రెండు అంకెలు రాసుకోండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దించుకుని చదవండి. మూత తీయాలా వద్దా అనేది ఆ అంకెలే చెప్తాయి. అన్నీ చూశాక, నిజంగా మెషీన్ పాతదైపోయిందని తేలితే అప్పుడు కొత్తది అడగండి. నాన్న ఎందుకని అడగకపోయినా కారణం చెప్పి మరీ అడగండి.